చర్మం కాలితే రక్తాన్ని వడకట్టడమెందుకు?



సముద్రపు ఒడ్డు విచారణలలో పనిచేసే గురువులకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "ఫాదరుగారూ, మా కోడలు ఒళ్లు కాలి ఆసుపత్రిలో ఉన్నది. నాలుగో రోజున డాక్టరుగారు మమ్మల్ని పిలిచి, కిడ్నీలు పనిచేయడం లేదు, మిషను పెట్టి రక్తాన్ని వడకట్టాలి, సంతకం పెట్టండి అంటున్నారు. కాలింది చర్మం గదా, రక్తాన్ని వడకట్టడమేమిటి? డయాలసిస్ దాకా వస్తే ఇక మనిషి దక్కదని మావాళ్లంటున్నారు. పెట్టమంటారా, వద్దంటారా?"

ఆసుపత్రి వరండాలో నిలబడి ఐదు నిమిషాలలో జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది. అప్పటికప్పుడు నేర్చుకుని చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ అవసరం మీలో ఎవరికీ రాకూడదనే నా కోరిక. అయినా తీరికగా ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ పాఠం ఒకసారి చదువుకోండి.

ముందుగా ఆ భయం సంగతి చూద్దాం. డయాలసిస్ అనే మాట మనకు కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగుల గురించి పత్రికలలో చదివాం. షుగరు ముదిరి వారానికి రెండు మూడుసార్లు నెల్లూరు వెళ్లి వచ్చేవారిని మన ఊళ్లలోనే చూస్తున్నాం. వారివి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చెడిపోయిన కిడ్నీలు. అవి మళ్లీ బాగుపడవు కనుక వారికి యంత్రం జీవితాంతం కావాలి. కాలినవారి సంగతి వేరు. వారి కిడ్నీలు మొన్నటిదాకా చక్కగా పనిచేసినవే. ఉన్నట్టుండి దెబ్బ తగిలి నిలిచిపోయాయి. అరిగిపోయిన పడవ ఇంజనుకూ, ఉప్పునీళ్లు పోయి ఆగిపోయిన ఇంజనుకూ ఎంత తేడా ఉన్నదో ఇక్కడా అంతే తేడా. రెండవది మళ్లీ నడిచే అవకాశం ఉన్నది. అయితే అంతవరకు దాని పని వేరొకరు చేయాలి.

మన దేశంలో ఏటా పది లక్షలమందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో ఒళ్లు కాలి బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2012 జూలై 30 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి చెన్నై వెళ్తున్న తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఎస్-11 బోగీ నెల్లూరు దగ్గర తగలబడి 30 మందికి పైగా చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆనాడు దేశమంతా నెల్లూరు వైపు చూసింది. ఒక వంటింట్లో ఒక స్త్రీ కాలిపోతే మాత్రం పక్క ఊరివారికి కూడా తెలియదు. కిరసనాయిలు స్టవ్వు, గ్యాసు లీకు, తాటాకు ఇల్లు, పడవల కోసం ఇంట్లో నిలవ పెట్టుకున్న డీజిలు, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లకు లాగిన కరెంటు తీగలు, ఇవి మన తీరంలో నిప్పు కాచుకుని కూర్చునే చోట్లు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒళ్లు పెద్ద మేర కాలినప్పుడు ఆ మంట చర్మంతో ఆగదు. ఒంట్లోని సన్నని రక్తనాళాలన్నీ కారడం మొదలుపెడతాయి. గట్టు బీటలువారిన రొయ్యల చెరువును తలచుకోండి. నీరు ఎక్కడికో పోలేదు, గట్టు పక్కనే నానుతున్నది, కాని చెరువులో మాత్రం మట్టం పడిపోతున్నది. అలాగే రక్తంలోని నీరు, ఉప్పులు, మాంసకృత్తులు నాళాలలో నుంచి కండలోకి ఊరిపోతాయి. ఒళ్లు ఉబ్బుతుంది. నాళాలలో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. గుండె ఎంత కొట్టుకున్నా కిడ్నీలకు చేరవలసిన రక్తం చేరదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా వదిలి, మిగిలినదంతా తిరిగి రక్తానికి అప్పగిస్తాయి. ఇంత పని చేసే అవయవానికి కొన్ని గంటలపాటు రక్తం అందకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే కాలిన మనిషికి మొదటి మందు సెలైనే. ఎంత ఎక్కించాలన్నదానికి లెక్క ఉన్నది. రోగి అరచేయి వేళ్లతో కలిపి ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. ఒక చేయి మొత్తం 9 వంతులు, ఒక కాలు 18, ఛాతీ పొట్ట కలిపి 18, వీపు వైపు 18, తల 9. ఇలా ఎంత శాతం కాలిందో లెక్కగడతారు. ఇది పెద్దవారి లెక్క. పసివారికి తల భాగం ఎక్కువ, కాళ్ల భాగం తక్కువ. అమెరికాలో చార్లెస్ బాక్స్టర్ అనే డాక్టరు 1968లో చెప్పిన సూత్రం ప్రకారం బరువును శాతంతో, దానిని 4 మిల్లీలీటర్లతో హెచ్చవేయాలి. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే 9,600 మిల్లీలీటర్లు, అనగా దాదాపు పది లీటర్లు, మొదటి 24 గంటలలో. నేడు చాలాచోట్ల ఇందులో సగంతో మొదలుపెట్టి, మూత్రం వచ్చే తీరు చూసి పెంచుతున్నారు. ఏ లెక్క అనుసరించినా, మొత్తంలో సగం మొదటి 8 గంటలలోనే పోవాలి. ఆ 8 గంటలు ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి కాదు, నిప్పంటుకున్నప్పటి నుంచి! జువ్వలదిన్నెలోనో దుగరాజపట్నంలోనో కాలిన మనిషికి బండి దొరికి, నెల్లూరు చేరి, సెలైన్ మొదలయ్యేసరికి మూడు నాలుగు గంటలు గడిస్తే, సగం పందెం అప్పటికే ఓడిపోయినట్టు. కనుక దగ్గరలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే అక్కడ సెలైన్ పెట్టించుకుని బయలుదేరండి. 108 బండి వస్తే అందులోనే మొదలుపెట్టమని అడగండి.

ఈ సందర్భంలో ఇంటివైద్యం గురించి ఒక మాట. కాలగానే ఇంకు, టూత్‌పేస్టు, కోడిగుడ్డు, పేడ పూసే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. అవి గాయంలోకి చీము తెస్తాయి. ఆ చీమే వారం తరువాత కిడ్నీ మీద పడుతుంది. ఐసు కూడా వద్దు. కుళాయి నీరో బోరు నీరో 20 నిమిషాలపాటు ధారగా పోయడం ఒక్కటే మంచి పని. చెరువు నీరు, సముద్రపు నీరు పనికిరావు. కాలిన భాగం చాలా ఎక్కువైనా, పసిబిడ్డ అయినా ఒళ్లు చల్లబడిపోకుండా చూసుకోవాలి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు వెంటనే తీసేయండి. గంటలో ఒళ్లు ఉబ్బితే అవే ఉరితాళ్లవుతాయి. తరువాత ఉతికిన గుడ్డ కప్పి బయలుదేరాలి.

కరెంటు దెబ్బ గురించి చెరువుల మీద పనిచేసే మన పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మెయిను ఆపకుండా మనిషిని ముట్టుకోకూడదన్నది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇది. కరెంటు కొట్టినప్పుడు అరచేతిలో చిన్న మచ్చ, పాదంలో మరో మచ్చ మాత్రమే కనబడవచ్చు. లోపల మాత్రం ఆ దారి పొడవునా కండ ఉడికిపోయి ఉంటుంది. ఆ కండలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీ గొట్టాలను పూడ్చేస్తుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. ఆ రంగు కనబడితే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచవద్దు. పైగాయం చిన్నదని మోసపోయి, రెండోరోజు మూత్రం ఆగిపోయాక ఆసుపత్రికి తెచ్చిన కుర్రవాడికి ఆలస్యమే పెద్ద రోగం.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కొందరిలో కిడ్నీలు నిలిచిపోతాయి. ఇది రెండు కాలాలలో జరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులలో జరిగితే నీరు చాలకనో, మయోగ్లోబిన్ వల్లనో. వారం దాటాక జరిగితే చాలావరకు గాయంలో చేరిన సూక్ష్మక్రిములు రక్తానికెక్కి, బి.పి. పడిపోయినందువల్ల. రెండవది మరింత ప్రమాదకరం. మూత్రం ఆగిపోతే యూరియా పెరుగుతుంది, ఎక్కించిన సెలైనంతా ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, కాలిన కండలో నుంచి వచ్చిన పొటాషియం పేరుకుపోతుంది. ఈ పొటాషియం గుండెను ఉన్నపళాన ఆపగలదు. యంత్రం కావలసింది ఇక్కడే.

మెడలోనో తొడ మొదట్లోనో ఉన్న పెద్ద సిరలోకి రెండు దారులున్న గొట్టం వేస్తారు. ఒక దారి గుండా రక్తం బయటికి వస్తుంది, రెండవ దారి గుండా తిరిగి లోపలికి పోతుంది. నడుమ ఒక వడపోత బుడ్డి ఉంటుంది. అందులో వెంట్రుకలవంటి బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. వాటి గోడల్లోని రంధ్రాలు కంటికి ఆననంత చిన్నవి. మన తీరం వెంట ఉన్న రొయ్యపిల్లల హేచరీలలో సముద్రపు నీటిని ఇసుక గుండా, సంచుల గుండా వడకట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడ చెత్త ఆగిపోయి నీరు దాటుతుంది. ఇక్కడ అందుకు తలకిందులు. మనకు కావలసిన రక్తకణాలు, పెద్ద మాంసకృత్తులు లోపలే ఆగిపోతాయి. నీరు, ఉప్పులు, యూరియా, పొటాషియం బయటికి పోతాయి. పోయిన ద్రవానికి బదులు శుద్ధమైన ద్రవాన్ని తిరిగి చేరుస్తారు. ఒంట్లో నీరు ఎక్కువగా ఉంటే ఆ మేరకు తగ్గించి చేరుస్తారు. ఏ క్షణంలో చూసినా ఒంటి బయట ఉండే రక్తం సుమారు ఒక గ్లాసెడు మాత్రమే. "రక్తమంతా తీసేస్తారట" అన్న వదంతిని నమ్మకండి.

మామూలు డయాలసిస్ నాలుగు గంటలలో ముగుస్తుంది. అంత వేగాన్ని కాలిన మనిషి బి.పి. తట్టుకోలేదు. అందుకే ఈ రోగికి 24 గంటలూ నెమ్మదిగా నడిపే పద్ధతిని ఎంచుకుంటారు. గంటకు కిలో బరువుకు 20 నుంచి 25 మిల్లీలీటర్లు వడకట్టడం వాడుకలో ఉన్న మోతాదు. 60 కిలోల మనిషికి రోజుకు 30 లీటర్ల పైమాట. ఆరోగ్యమైన కిడ్నీ చేసే 180 లీటర్లతో పోల్చి చూడండి, సృష్టికర్త చేతిపని ఎంతటిదో తెలుస్తుంది.

ఈ యంత్రం పుట్టుక కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న హాలెండులో, కాంపెన్ అనే చిన్న పట్టణంలో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు మాంసం కూరే సెల్లోఫేన్ గొట్టాన్ని కొయ్య పలకల డ్రమ్ముకు చుట్టి, ఆ డ్రమ్మును ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ, గొట్టంలో రోగి రక్తాన్ని పారించాడు. మొదటి రోగులలో చాలామందిని కాపాడలేకపోయాడు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ల స్త్రీ ఒకామె స్పృహ తప్పిన స్థితి నుంచి తేరుకున్నది. ఆమె శత్రువుల పక్షం వహించిందని యుద్ధం ముగిశాక ఖైదులో పెట్టిన మనిషి. ఊరివారికి ఆమె పేరెత్తితే గిట్టదు. డాక్టరు ఆ లెక్క చూడలేదు. ఈ యంత్రం నిలబెట్టిన మొదటి ప్రాణం ఊరంతా ద్వేషించిన ప్రాణమన్నది నాకు ఎప్పుడూ ఆలోచించదగిన విషయంగా తోస్తుంది. మన పక్కనే ఉన్న రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో 1960ల మొదట్లో డయాలసిస్ ఆరంభమైంది. రోజంతా నెమ్మదిగా వడకట్టే పద్ధతిని 1977లో జర్మనీలో గట్టింగెన్‌లో పీటర్ క్రామర్ తెచ్చాడు. అతని పద్ధతిలో పంపు కూడా లేదు, రోగి గుండె ఒత్తిడే రక్తాన్ని వడపోతలోకి నెట్టేది.

మరి దీనివల్ల ప్రాణాలు దక్కుతున్నాయా? సూటిగా జవాబు చెప్పాలి గదా. అమెరికాలో టెక్సాసులోని సైనిక కాలిన గాయాల కేంద్రం 2009లో ఒక పరిశీలన ప్రకటించింది. తీవ్రంగా కాలి కిడ్నీలు చెడినవారిలో, 24 గంటల వడపోత పొందిన 29 మందిలో 28 రోజులలోపు 38 శాతం మరణించారు. అంతకు ముందు కాలంలో ఆ చికిత్స అందని 28 మందిలో 71 శాతం మరణించారు. ఇది ఆశాజనకమే. అయితే వేర్వేరు కాలాల రోగులను పోల్చిన లెక్క కనుక అదే తుది తీర్పు కాదు. ఆపైన కొందరికి మరో ఆశ కలిగింది. కాలిన ఒంట్లో పుట్టి రక్తంలో తిరిగే హానికర పదార్థాలను కూడా ఈ యంత్రంతో తోడేయవచ్చు గదా, మోతాదు మూడింతలు పెంచితే సరిపోతుంది గదా అని. చీటీలు తీసినట్టు రోగులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది. ఎక్కువ మోతాదు పొందినవారికి బి.పి. నిలబెట్టే మందుల అవసరం తగ్గింది, కాని బ్రతికినవారి సంఖ్యలో తేడా కనబడలేదు. తగినంతమంది రోగులు దొరకక ఆ పరీక్షను 37 మందితోనే ఆపివేశారు.

ఇందులో ఒక పాఠమున్నది. కాగితం మీద అంకెలు బాగుపడడం వేరు, మనిషి బాగుపడడం వేరు. యంత్రం కిడ్నీ పని చేస్తుంది. కాలిన చర్మాన్ని మాన్పదు, చీమును తీయదు. చచ్చిన చర్మాన్ని వేళకు తీసి, కొత్త చర్మం అతికి, మంచి ఆహారం పెట్టి, చేతులు కడుక్కుని కట్లు మార్చే నర్సు ఉంటేనే యంత్రం సంపాదించి పెట్టిన రోజులు ఉపయోగపడతాయి. "రక్తాన్ని కడిగేస్తాం, విషమంతా పోతుంది, గ్యారంటీ" అని ఎవరైనా చెబితే ఆ మాటను అనుమానించండి.

యంత్రంతో ఇబ్బందులూ ఉన్నవి. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు వల్ల చర్మం తీసిన చోట రక్తం కారవచ్చు. బయట తిరిగి వచ్చే రక్తం చల్లబడుతుంది, చర్మం లేని మనిషికి ముందే వేడి నిలవదు. సూక్ష్మక్రిములను చంపే మందులు కూడా వడపోతలో కొంత పోతాయి, మోతాదు సరిచూడాలి. ఇవన్నీ తెలిసిన సిబ్బంది ఉన్న చోటే ఇది చేయించాలి. మన తీరంవారికి నెల్లూరు, అది దాటితే చెన్నై. చెన్నై కీల్పాక్ ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలోని కాలిన గాయాల విభాగం పేరు పొందినది. ఖర్చు విషయానికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పేర్లు మారుతూ వచ్చిన మన రాష్ట్ర పథకంలో కాలిన గాయాలకు, డయాలసిస్‌కు చోటున్నది. ఊరి నుంచి బయలుదేరేటప్పుడే రేషను కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్లి, వడపోతకు ఎంతవరకు వర్తిస్తుందో ఆ పథకం బల్ల దగ్గర ముందే అడగండి.

ఇక సంతకం సంగతి. ప్రాణం నిలుపుకోవడానికి సాధారణ మార్గాలను వాడుకోవడం మన విధి అనీ, మోయలేని భారమయ్యే అసాధారణ మార్గాలకు మనం బద్ధులం కామనీ పన్నెండవ భక్తినాథ పోపుగారు, అనగా పయస్ పోపుగారు, 1957 నవంబరు 24న మత్తుమందు వైద్యులతో మాట్లాడుతూ వివరించారు. 1980లో శ్రీసభ వెలువరించిన ప్రకటన, ఆ తరువాత సత్యోపదేశ గ్రంథం 2278వ సంఖ్య ఇదే దారిలో నడిచాయి. సాధారణం, అసాధారణం అనేవి యంత్రం మీద రాసి ఉండే గుణాలు కావు. ఈ రోగికి, ఈ రోజున, ఆ యంత్రానికి ఉన్న సంబంధంలో అవి తేలతాయి. డాక్టర్లు ఒక అంచనా వేస్తారు. వయస్సు, కాలిన శాతం కూడుతారు, పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటే మరో 17 కలుపుతారు. మొత్తం ఎంత పెరిగితే అపాయం అంత ఎక్కువ. 25 ఏళ్ల తల్లికి 35 శాతం కాలితే 60. ఆమెకు కొద్దిరోజుల వడపోత సాధారణ మార్గమే, అందుబాటులో ఉండగా వద్దనడం తగదు. 80 ఏళ్ల తాతకు 85 శాతం కాలి పొగ కూడా తగిలితే 182. అక్కడ నొప్పి తగ్గించి, పక్కన కూర్చుని, చేయి పట్టుకోవడమే వైద్యం. ఈ రెండింటి మధ్య ఉన్నవారికి "మూడు రోజులు పెట్టి చూద్దాం, మార్పు లేకపోతే మళ్లీ మాట్లాడుకుందాం" అని డాక్టరుతో ఒప్పుకోవచ్చు. ఫలించని యంత్రాన్ని ఆపడం హత్య కాదు.

ఒక విషయం మాత్రం కఠినంగా చెప్పక తప్పదు. కాలినవారు మొదటి గంటలలో, చాలామంది మొదటి రోజంతా, పూర్తి తెలివితో ఉంటారు. నడుస్తారు, మాట్లాడతారు. సత్యోపదేశం చెప్పేది కూడా ఇదే: శక్తీ తెలివీ ఉన్న రోగే నిర్ణయించాలి. అయినా మన ఇళ్లలో ఆమెను తప్ప అందరినీ అడుగుతాం! అత్తగారివైపు వారు ఒక మూల, పుట్టింటివారు ఒక మూల నిలబడి, సంతకం ఎవరు పెట్టాలి, డబ్బు ఎవరు కట్టాలి అని వాదించుకుంటుండగా రాత్రి గడిచిపోతుంది. కాలినది కొడుకైతే పొలం అమ్మడానికి ముందుకొచ్చే ఇల్లు, కోడలైతే "ఎందుకులెండి, బ్రతికినా మొహం చూడలేం" అంటుంది. దీనిని నేను ఏ వేదశాస్త్రంతోనూ సమర్థించలేను. ఆమె మాట్లాడగలిగి ఉండగానే, డాక్టరు ముందు, ఆమెకు అర్థమయ్యే మాటలలో చెప్పించి ఆమెను అడగండి. తరువాత గొట్టం వేసి మత్తు ఇస్తే ఆ మాట వినే అవకాశం ఉండదు. గురువును పిలవవలసింది కూడా ఆ మొదటి రోజునే. అవస్థాభ్యంగనం చివరి శ్వాస కోసం దాచి ఉంచవలసింది కాదు.

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నాలుగు సంగతులు చీటీ మీద రాసి ఇవ్వండి: ఎన్ని గంటలకు కాలింది, దేనివల్ల, మూసిన గదిలోనా బయటా, మనిషి బరువు ఎంత. ఆపైన ప్రతి పూటా మూత్రం సంచిని చూడండి. పెద్దవారికి గంటకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు రావాలి. అది తగ్గుతుంటే నర్సును పిలిచి చెప్పండి, మొహమాటపడవద్దు.

కాలిన గాయాన్ని గెలిచి బయటపడినవారిలో చాలామందికి కిడ్నీలు కొన్ని వారాలలో తిరిగి పనిచేస్తాయి. సంచిలో మూత్రం పెరగడమే మొదటి గుర్తు. అప్పుడు యంత్రం విరామాలు పెంచి, చివరకు మెడలో గొట్టం తీసేస్తారు. ఇంటికి వచ్చాక మూడు నెలలకు ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, బి.పి. చూపించుకోవాలి. అతికిన చర్మం లాగుతుంది, దురద పెడుతుంది, రాత్రిళ్లు నిద్ర పట్టదు. అప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్లలు, ఇప్పుడిప్పుడే లేచిన కిడ్నీని మళ్లీ పడగొట్టగలవు. డాక్టరు రాసిన బిళ్ల తప్ప మరొకటి వారి నోట వేయనివ్వకండి.